ముందు వరుసలో ఎవరి పిల్లలు?

(బడులు తిరిగి తెరిచిన సందర్భంగా ఏర్పాటైన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పై ఆరు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి 2018లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఒక విషయాన్ని పైఅధికారి దృష్టికి తీసుకువెళ్లేటప్పుడు గుమాస్తా మొదట సంగతి రాస్తాడు, తరువాత నిబంధన రాస్తాడు, చివరగా తన అభిప్రాయాన్ని అణకువతో జోడిస్తాడు. ఈ రోజు కూడా నాకు తెలిసిన ఆ పద్ధతిలోనే మాట్లాడటానికి ప్రయత్నిస్తాను. అభిప్రాయం తన వంతు రాకముందే మధ్యలో చొరబడితే పెద్ద మనసుతో మన్నించండి.

సంగతి మీ అందరికీ తెలిసినదే. గత ఏప్రిల్‌లో వక్ఫ్ చట్ట సవరణకు వ్యతిరేకంగా మన పట్టణంలో శాంతియుతంగా ప్రదర్శన జరిగింది. అందులో కొందరు పిల్లలు బడి యూనిఫారంతోనే, భుజాన పుస్తకాల సంచితోనే వచ్చి ప్లకార్డులు పట్టుకున్నారు. ఆ ఫొటోలు సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ చేరాయి. మరుసటి వారం ఒక పాఠశాల యాజమాన్యం తల్లిదండ్రులను పిలిపించి, మరొకసారి ఇటువంటిది జరిగితే టీసీ చేతిలో పెట్టి పంపివేస్తామని హెచ్చరించింది. ఆ తల్లులు నా దగ్గరకు వచ్చారు. అదే రోజు ఇషా నమాజు తరువాత యువకులు వచ్చి, "చాచా, స్వాతంత్ర్య పోరాటంలో విద్యార్థులు లేరా? మన హక్కుల కోసం మన పిల్లలు నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు?" అని అడిగారు. ఆ తల్లులకూ ఈ యువకులకూ ఒకే జవాబు చెప్పలేకపోయాను. ఇన్ని రోజులుగా ఆలోచించి కూర్చుకున్నదే ఈ ప్రసంగం.

అయితే ఇతరుల తప్పొప్పులు ఎంచే ముందు నా లెక్క నేను అప్పగించాలి.

2020 జనవరిలో పౌరసత్వ సవరణ చట్టానికి, ఎన్నార్సీకి వ్యతిరేకంగా ఈ పట్టణంలో జరిగిన ర్యాలీ నిర్వాహకులలో నేనూ ఒకణ్ణి. ముందు రోజు రాత్రి వరుసల ఏర్పాటు గురించి చర్చ జరిగింది. పిల్లలను ముందు నిలబెడదాం, వారి చేతికి జాతీయ పతాకాలు ఇద్దాం, పిల్లలు ముందుంటే పోలీసులు లాఠీ ఎత్తరు అన్నది నేనే. అప్పుడు అది తెలివైన ఆలోచనగా తోచింది. అందరూ తలలూపారు. పిల్లల రక్షణకు పెద్దలు అడ్డు నిలవవలసింది పోయి, పెద్దల రక్షణకు పిల్లలను అడ్డు పెట్టామన్న స్పృహ ఆ రాత్రి మాలో ఒక్కరికీ కలగలేదు.

లాఠీ లేవలేదు. ర్యాలీ ప్రశాంతంగా ముగిసింది. కానీ ముందు వరుసలో నినాదాలు ఇచ్చిన ఒక అబ్బాయి వీడియో ఎక్కడెక్కడికో వెళ్లింది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. తండ్రికి చిన్న వెల్డింగు దుకాణం. మూడవ రోజు స్టేషను నుంచి కబురు వచ్చింది. తండ్రితో పాటు నేనూ వెళ్లాను. మనిషి కాస్త పొడవు కావడం వల్ల అతనికి 18 నిండాయని వారి అభిప్రాయం. పదో తరగతి మార్కుల జాబితా జిరాక్సు తీసుకువెళ్లి పుట్టిన తేదీ చూపించాము. ఇంకా ఎనిమిది నెలలు తక్కువ. ఆ రోజు పంపించారు. మళ్లీ పిలిచారు. మూడవసారి ఉదయం వెళ్లినవాళ్లం మగ్రిబ్ దాకా బల్లమీద కూర్చున్నాము. చివరకు కేసు పెట్టలేదు. ఎఫ్ఐఆర్ లేదు, కాగితం మీద ఒక్క అక్షరం లేదు. అయినా ఆ ఇంటికి పట్టుకున్న భయం వదలలేదు. పరీక్షలు కాగానే తండ్రి అతణ్ణి బెంగుళూరులో మేనమామ దుకాణానికి పంపివేశాడు. డిగ్రీ చదువుతానన్న పిల్లవాడు ఇవాళ మొబైల్ ఫోన్లకు గాజు పలకలు అతికిస్తున్నాడు. ఆ తండ్రి నన్ను ఒక్క మాటా దూషించలేదు. "భాయ్, మీ మాట మీద పంపాను" అన్నాడు, అంతే.

కనుక ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాను. నా తీర్పులో ఆ బల్ల మీద కూర్చున్న మూడు రోజుల బరువు ఉన్నది. దానిని మీరు లెక్కలోకి తీసుకొని వినండి.

ఇక విద్యార్థులకు రాజకీయాలేమిటి అని కొందరు పెద్దమనుషులు అంటూ ఉంటారు. ఆ మాట మన ప్రాంతపు చరిత్రకు సరిపడదు. 1972 చివరలో జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు నేను హైస్కూలులో ఉన్నాను. ముల్కీ నిబంధనలు ఏమిటో నాకు తెలియదు, నా పక్కన నినాదాలిచ్చిన వారిలో చాలామందికీ తెలియదు. కాలేజీ విద్యార్థులు వచ్చి గంట కొట్టించేవారు, మేము సంతోషంతో బయటకు పరుగెత్తేవాళ్లం. నెలల తరబడి తరగతులు జరగలేదు. అంతకు ముందు 1969లో తెలంగాణ ఉద్యమాన్ని నడిపించినదీ విద్యార్థులే. కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారిలోనూ విద్యార్థులే అధికం. ఇంకా వెనక్కి వెళితే 1952లో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర ముల్కీ ఆందోళనపై జరిగిన కాల్పులు.

2013లో రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడినప్పుడు మా ఎన్జీవోలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. నేనూ జీతం వదులుకొని చేశాను. ఉపాధ్యాయులూ సమ్మెలో దిగారు. బడి పిల్లలను రోడ్ల మీద మానవహారాలుగా నిలబెట్టాము. ఎండలో చిన్నపిల్లలు చేయి చేయి పట్టుకొని నిలబడితే పత్రికలు ముచ్చటగా ఫొటోలు వేశాయి. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఎవరైనా నోటీసు ఇచ్చారా? టీసీ ఇస్తామన్నారా? నాయకుల సభలకు బడి బస్సులు వెళ్లినప్పుడు పిల్లలకు రాజకీయాలు అంటుకుంటాయని ఏ యాజమాన్యమైనా బెంగపడిందా? లేదు. పిల్లలు రోడ్డు మీదికి రావడం ఈ సమాజానికి కొత్త కాదు. ఎవరి పిల్లలు, ఏ విషయం మీద వచ్చారన్నదాన్ని బట్టి కొలబద్ద మారుతున్నది. ఇది అన్యాయం. అన్యాయమని చెబుతూనే, ఆ కొలబద్ద మారుతుందన్న వాస్తవాన్ని లెక్కలోకి తీసుకోకుండా నా బిడ్డను పంపలేను. ఈ రెండు మాటలూ కలిపి చెప్పవలసి రావడమే మన స్థితి.

బీదరు మనకు దూరమేమీ కాదు. పాత హైదరాబాదు రాజ్యంలోని జిల్లా, నేటి తెలంగాణ సరిహద్దు. 2020 జనవరి 21న అక్కడి షాహీన్ పాఠశాలలో చిన్న తరగతుల పిల్లలు పౌరసత్వ చట్టం మీద ఒక నాటిక వేశారు. అందులో ప్రధానమంత్రిని ఉద్దేశించిన ఒక మాట దొర్లింది. ఆ మాట సభ్యమైనది కాదు, నేను సమర్థించను. దానికి రాజద్రోహం కేసు పెట్టారు. ప్రధానోపాధ్యాయురాలిని, నాటికలో పాల్గొన్న ఒక బాలిక తల్లిని అరెస్టు చేశారు. రెండు వారాలు జైలులో ఉన్న తరువాత వారికి బెయిలు దొరికింది. ఈలోగా పోలీసులు మళ్లీ మళ్లీ బడికి వెళ్లి పిల్లలను ప్రశ్నించారు. యూనిఫారంతో, ఆయుధాలతో వెళ్లి పిల్లలను ప్రశ్నించడం బాలల న్యాయ చట్టానికి విరుద్ధమని కర్ణాటక హైకోర్టు 2021 ఆగస్టులో తప్పుపట్టింది. 2023 జూన్‌లో కలబురగి ధర్మాసనం ఆ కేసునే కొట్టివేసింది. రాజద్రోహం కాదన్నది. అయితే అదే తీర్పులో, వర్తమాన రాజకీయ వివాదాలను పిల్లల చేత ఆడించడం కన్నా వారి చదువు మీద ఆసక్తి పెంచే నాటికలు వేయించడం మేలని బడులకు హితవు కూడా చెప్పింది. నాకు ఆ తీర్పులో సగం ఊరట, సగం మందలింపు కనిపించాయి. ఊరట దొరకడానికి మూడు సంవత్సరాల ఐదు నెలలు పట్టింది. అప్పటికి నాటిక వేసిన పిల్లలు హైస్కూలు తరగతుల్లోకి వచ్చి ఉంటారు. తల్లిని పోలీసులు తీసుకువెళ్లడం చూసిన బాలికకు ఆ మూడేళ్లు ఎలా గడిచాయో ఏ తీర్పులోనూ ఉండదు.

ఉడుపి విషయం వేరు. దానిని దీనితో కలిపి చూడకూడదని నా విన్నపం. 2021 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ బాలికల పీయూ కళాశాలలో కొందరు అమ్మాయిలను తలపై హిజాబు ఉన్నందుకు తరగతి గదిలోకి రానివ్వలేదు. వారు గుమ్మం బయట కూర్చొని నోట్సు రాసుకున్నారు. ఎవరో పెద్దలు వరుస తీర్చి నిలబెట్టిన ప్రదర్శన కాదది. వారి బెంచీ, వారి హాజరు పట్టీ, వారి పరీక్ష. 2022 మార్చి 15న హైకోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా తీర్పు చెప్పారు. జస్టిస్ సుధాంశు ధూలియా ముందు పెట్టిన ప్రశ్న ఆడపిల్ల చదువు గురించినది. ఈ నిషేధం వల్ల ఆమె జీవితం ఏమైనా మెరుగవుతున్నదా అన్నది. ఎవరి చదువును తలుపు దగ్గర ఆపారో ఆ విద్యార్థి ఆ తలుపు దగ్గర నిలబడి అడగడాన్ని నేను రాజకీయం అనను. అది చదువులో భాగమే. ఆ రోజుల్లో మండ్యలో ఒక అమ్మాయిని గుంపు చుట్టుముట్టిన వీడియో మనమందరం చూశాము, ఫోన్లలో ముఖచిత్రంగా పెట్టుకున్నాము. ఆమె ఏం చదువుతున్నది, పరీక్ష రాయగలిగిందా అని మనలో ఎందరు వాకబు చేశారు? నేను చేయలేదు.

మన వైపు చరిత్రలో ఉన్న మచ్చను కూడా చెప్పుకోవాలి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టళ్లలో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడారని నిజాం ప్రభుత్వ కాలంలో వందలాది మందిని బయటకు పంపివేశారు. నాగపూరు విశ్వవిద్యాలయం వారిని చేర్చుకున్నది. అలా వెళ్లినవారిలో ఒకరు తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు. పాడినందుకు వెళ్లగొట్టడం అప్పుడు తప్పే. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడి, గొంతు మాత్రం కలపలేదని బడి నుంచి పంపివేశారు. పాడనందుకు వెళ్లగొట్టడమూ తప్పే. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమన్నది. ఆ ముగ్గురూ ఊరేగింపు చేయలేదు. నినాదం ఇవ్వలేదు. నిలబడ్డారు, మౌనంగా ఉన్నారు, తండ్రి కోర్టుకు వెళ్లాడు. మన దేశంలో బడిపిల్లల మనస్సాక్షికి ఇవాళ ఉన్న రక్షణలో అధిక భాగం ఆ మౌనం సంపాదించిపెట్టినదే.

యువకులు స్వాతంత్ర్య పోరాటాన్ని ప్రస్తావించారు కదా. 1920లో గాంధీజీ, అలీ సోదరులు పిలుపు ఇస్తే అలీగఢ్ కళాశాల నుంచి విద్యార్థులు, అధ్యాపకులు బయటకు వచ్చారు. వారిలో జాకిర్ హుసేన్ ఉన్నారు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. ఆ రోజుల్లోనే రవీంద్రనాథ్ ఠాగూర్ విద్యార్థులు చదువు మానడాన్ని ఒప్పుకోలేదు. ఆయన దేశభక్తిని ఎవరూ శంకించలేరు. కాబట్టి ఈ వాదన నూరేళ్ల పాతది. మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. బయటకు వచ్చినవారు రోడ్డు మీద ఉండిపోలేదు. ఆ అక్టోబరు 29నే జామియా మిల్లియా ఇస్లామియాను స్థాపించుకున్నారు. ఒక బడి మానినవారు ఇంకొక బడి కట్టుకున్నారు. మన పట్టణంలో బంద్‌కు పిలుపు ఇచ్చిన రోజున పిల్లలు పోగొట్టుకున్న పాఠం ఎవరు చెప్పాలో నిర్వాహక సంఘం ఎన్నడైనా చర్చించిందా? నేను ఆ సంఘంలో ఉన్నాను కనుక చెబుతున్నాను, చర్చించలేదు.

ఇప్పుడు నిబంధన. ఇది తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన భాగం.

మన రాజ్యాంగంలోని 19వ అధికరణం మాట్లాడే హక్కును, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును పౌరులకు ఇచ్చింది. అక్కడ వయసు రాయలేదు. ఓటుకు 18 ఏళ్లు కావాలి, పౌరుడు కావడానికి అక్కరలేదు. బాలల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1992లో మన దేశం చేరింది. తనకు సంబంధించిన విషయాలలో బిడ్డ అభిప్రాయాన్ని వినాలని, బిడ్డకు శాంతియుతంగా గుమికూడే స్వేచ్ఛ ఉందని అందులో ఉన్నది. అందుచేత పిల్లలు పాల్గొనడమే నేరమన్నట్లు ఎవరైనా మాట్లాడితే నమ్మకండి.

టీసీ బెదిరింపు సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదవ తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను బడి నుంచి వెళ్లగొట్టడానికి వీలులేదు. కొట్టడం, మానసికంగా వేధించడం కూడా నిషిద్ధం. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదు. అంటే మన పిల్లవాడు ప్రభుత్వ బడిలో ఉంటే ఈ చట్టపు గొడుగు ఉన్నది, మనవాళ్లు నడిపే బడిలో ఉంటే లేదు. నా ఉద్దేశంలో మన యాజమాన్యాలు చట్టం అడగకపోయినా ఆ నియమాన్ని తామే రాసుకొని గోడకు అంటించాలి. తొమ్మిది, పది తరగతులవారికి ఈ రక్షణ ఎక్కడా లేదు. వారి తల్లిదండ్రులు, టీసీలో ప్రవర్తన అన్న గడిలో ఏమి రాస్తున్నారో చూసి మరీ సంతకం చేయాలి. నోటిమాటతో పంపిస్తామంటే ఒప్పుకోకుండా, కారణం కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. కాగితం అడిగితే సగం బెదిరింపులు అక్కడే ఆగిపోతాయి. ఇది నా ఉద్యోగానుభవం.

పోలీసుల సంగతి. 18 నిండని వారిని లాకప్‌లో పెట్టకూడదు. అదుపులోకి తీసుకుంటే బాలల వ్యవహారాలు చూసే పోలీసు అధికారికి అప్పగించి, 24 గంటలలోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బేడీలు వేయకూడదు. 2016 నాటి కేంద్ర నమూనా నియమాల ప్రకారం, ఏడేళ్లూ అంతకు పైగా శిక్షపడే తీవ్ర నేరారోపణ లేకపోతే పిల్లల మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయరు. కానీ ఈ నియమంలోనే ఒక మినహాయింపు ఉన్నది. పెద్దలతో కలిసి చేసిన నేరమన్న ఆరోపణ ఉంటే ఎఫ్ఐఆర్ వేయవచ్చు. ఈ వాక్యాన్ని చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ర్యాలీలన్నీ పెద్దలతో కలిసి చేసినవే కదా. పోలీసు చట్టం 30వ సెక్షను అమలులో ఉండగా అనుమతి లేకుండా ఊరేగింపు తీస్తే, అందులో ఉన్న పిల్లవాడికి వయసు ఇచ్చిన కవచాన్ని మనం పక్కన నిలబడి తొలగించినట్లు అవుతున్నది.

18 నిండిన మరునాటి నుంచి ఈ కవచం అసలే ఉండదు. ఇంటర్మీడియట్ రెండవ ఏడు, డిగ్రీ మొదటి ఏడు పిల్లలు తమ పుట్టినరోజు గుర్తుంచుకోవడం అవసరం.

నేను కొంతకాలం కొత్తగా ఎంపికైన ఉద్యోగుల పూర్వాపరాల పరిశీలన ఫైళ్లు చూశాను. అటెస్టేషన్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీ మీద కేసు ఉన్నదా అని. విద్యార్థి దశలో ధర్నాలో పాల్గొన్న కేసును దాచి "లేదు" అని రాసి, తరువాత పోలీసు నివేదికలో బయటపడి ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రవాళ్లను చూశాను. కేసు వల్ల పోలేదు, దాచడం వల్ల పోయింది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద విపులంగా తీర్పు చెప్పింది. వివరాలు నిజాయితీగా చెప్పాలన్నది. అయితే చిన్న వయసులో నినాదాలిచ్చిన వంటి స్వల్ప విషయాలను యజమాని తన విచక్షణతో ఉపేక్షించవచ్చునని కూడా అన్నది. నినాదాల మాట సుప్రీంకోర్టు తానే ఉదాహరణగా తీసుకున్నది. ఇక 18 లోపు వయసులో బాలల న్యాయ చట్టం కింద నడిచిన కేసు భవిష్యత్తులో అనర్హత కాకూడదని ఆ చట్టంలోని 24వ సెక్షను చెబుతున్నది. మీ బిడ్డకు ఇటువంటి చిక్కు ఏదైనా ఉంటే ఫారం నింపే ముందు న్యాయవాదికి చూపించండి. ఇంటర్నెట్ సెంటరు కుర్రవాడు నింపి ఇచ్చిన ఫారం మీద సంతకం పెట్టవద్దు.

ఇంకొక చిన్న మాట. విచారణలో ఉన్న బాలుడి పేరు, ఫొటో, బడి వివరాలు వెల్లడించడం నేరం. పోలీసులు వెల్లడించలేదు. మన వాట్సాప్ గ్రూపులే సింహం బొమ్మ పక్కన పెట్టి ఊరంతా పంచాయి.

ఇప్పుడు గుమాస్తా అభిప్రాయం.

చిన్న పిల్లలను, అంటే ఎనిమిదవ తరగతి దాకా ఉన్నవారిని, పెద్దల రాజకీయ ప్రదర్శనలకు తీసుకువెళ్లకండి. 2020లో షాహీన్‌బాగ్ నిరసన శిబిరానికి తల్లి తీసుకువెళ్లిన నాలుగు నెలల పసికందు చలికి మరణించింది. నాలుగు నెలల బిడ్డ నిరసన తెలుపుతుందా అని సుప్రీంకోర్టు అడిగింది. ఆ తల్లి బీదరికాన్ని, ఆమె నమ్మకాన్ని తక్కువచేసే సాహసం నాకు లేదు, కానీ ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు. చిన్నపిల్లల చేతిలోని ప్లకార్డు మీద ఉన్నది వారి అభిప్రాయం కాదు, మన చేతిరాత.

తొమ్మిది నుంచి ఇంటర్మీడియట్ దాకా ఉన్నవారి విషయంలో నేను ఇంత తేలికగా మాట్లాడలేను. నా కూతురి కూతురు తొమ్మిదవ తరగతి. ఏప్రిల్‌లో నేను ఆమెను వెళ్లవద్దన్నాను. "నానా, సమావేశమయ్యే హక్కు మా సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉంది. పరీక్షలో రాస్తే రెండు మార్కులు, బయట అడిగితే తప్పా?" అన్నది. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం 1964 నాటి ప్రవర్తనా నియమావళి కింద బతికాను. మేము రాజకీయాల్లో పాల్గొనకూడదు. ప్రభుత్వానికి వ్యతిరేకమైన కార్యకలాపాల నుంచి కుటుంబ సభ్యులను వారించడం కూడా మా విధిగా చెప్పేవారు. ఆ అలవాటు నా ఎముకల్లో ఉండిపోయింది. ఆమెను ఆపినది నా వివేకమా, ఆ పాత నియమావళా అని ఇప్పటికీ నాకు సందేహమే. అందుకని ఈ వయసువారిని నిషేధించాలని నేను అనను. వెళ్లాలా వద్దా అన్నది వారు ఆలోచించుకొని చెప్పాలి. విషయం ఏమిటో ఇంట్లో పావుగంట తమ మాటల్లో వివరించగలగాలి. తల్లిదండ్రులకు తెలిసి వెళ్లాలి. బడి వేళల్లో, బడి యూనిఫారంలో వద్దు, ఎందుకంటే యూనిఫారం బడిని కూడా వాదనలోకి లాగుతుంది. అనుమతి ఉన్న సభకే వెళ్లాలి. ముందు వరుసలో మాత్రం నెరిసిన గడ్డాలు ఉండాలి. పింఛను ఆపుతారన్న భయం కన్నా పిల్లవాడి జీవితం ఆగుతుందన్న భయం పెద్దది కనుక, మా రిటైరైనవాళ్లమే ముందు నిలబడతాము.

డిగ్రీ పిల్లలు మన అనుమతి కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు. వారికి మన దగ్గర దొరకవలసింది ఒక న్యాయవాది ఫోన్ నంబరు, స్టేషనుకు వెంట వచ్చే మనిషి.

యువకులకు ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పును ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి దాకా ఆపివేసింది. విద్యాహక్కు చట్టం కింద ఉచిత విద్య ఉన్నదిగా, ఇక స్కాలర్‌షిప్పు ఎందుకన్నది కారణం. చిన్న తరగతుల పిల్లలకు వచ్చేది ఏడాదికి వెయ్యి రూపాయలు. బీడీలు చుట్టే ఇంట్లో, ఆటో నడిపే ఇంట్లో అది సంచి, బూట్లు, నోటు పుస్తకాల ఖర్చు. మరుసటి నెలలోనే పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా రద్దయిందని పార్లమెంటులో ప్రకటించారు. ఇవి నేరుగా మన పిల్లల సమస్యలు, వారికి అర్థమయ్యేవి, వారు తమ మాటల్లో అడగగలిగేవి. ఆ నెలలో మన పట్టణంలో ఒక్క ప్లకార్డు లేవలేదు. ఒక్క వినతిపత్రం కలెక్టరుకు వెళ్లలేదు. మన రాష్ట్రంలో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు ఉన్న నాలుగు శాతం రిజర్వేషను కూడా 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా నడుస్తున్నది. దాని మీద సీటు తెచ్చుకున్న ఇంజినీరింగ్ విద్యార్థిని అడిగి చూడండి, ఆ కేసు ఏమిటో చెప్పలేడు. వక్ఫ్ ముఖ్యం కాదని నేను అనడం లేదు. అది సుప్రీంకోర్టు ముందు ఉన్నది, దాని కోసం పోరాడవలసిన పెద్దలు ఉన్నారు. పిల్లలకు పోరాటం నేర్పాలనుకుంటే వారి సంచిలో ఉన్న సమస్యతో మొదలుపెట్టండి.

అందుకోసం ఒక చిన్న ఏర్పాటు చేశాను. వచ్చే ఆదివారం నుంచి ప్రతి వారం అసర్ నమాజు తరువాత మన గ్రంథాలయంలో కూర్చుంటాను. స్కాలర్‌షిప్పు ఆగిపోయిన పిల్లలు తమ చేతిరాతతో, తమకు వచ్చిన భాషలో, ఆ డబ్బు ఇంట్లో దేనికి ఉపయోగపడేదో ఒక పేజీ రాసుకొని రావాలి. పెద్దలు రాసి ఇవ్వవద్దు, తప్పులు దిద్దవద్దు. వాటిని పెద్దలమైన మేము కవరింగు లెటరుతో కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి రశీదు తెస్తాము. ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించే పని నాది. అది నాకు బాగా వచ్చిన పని.

వేసవి సెలవుల్లో బెంగుళూరు వెళ్లి ఆ అబ్బాయిని కలిశాను. దుకాణంలో రద్దీగా ఉన్నది. టీ తెప్పించాడు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరే ఫారం తీసుకువెళ్లి ఇస్తే, చూసి మడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు. నింపుతానని అనలేదు, నింపనని కూడా అనలేదు. ఫారానికి చివరి తేదీ ఇంకా ఉన్నది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. టీసీ హెచ్చరిక అందుకున్న తల్లులు ముందు మాట్లాడాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను.